ట్రయల్స్ పెట్టి మేమే తరిమేశాం

మొన్న ఆదివారం సాయంత్రం గ్రౌండ్‌లో తలలు లెక్కపెట్టా. 43. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టా, ఎందుకంటే పోయినేడాది ఇదే టైమ్‌కి మేం మొత్తం ఏడుగురం, అందులో ఒకడు మడమ బెణికించుకుని గట్టు మీద కూచుని స్కోర్ రాసేవాడు, అంటే ఆడేది ఆరుగురు, ఇటు ముగ్గురు అటు ముగ్గురు, ఐదుగురు ఐదుగురు ఆడాల్సిన ఆటలో.

ఆట ఏంటంటే బాల్ బ్యాడ్మింటన్. షటిల్ కాదు. ఈ మాట చెన్నై వచ్చినప్పటి నుంచి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, తాంబరం దాటాక జీఎస్టీ రోడ్డు మీదున్న మా క్యాంపస్‌లో సగం మంది తెలుగోళ్ళే, వాళ్ళకీ చెప్పాల్సొచ్చింది. పసుపు రంగు ఉన్ని బంతి, షటిల్ బ్యాట్ కంటే బరువైన బ్యాట్, 24 మీటర్ల పొడవు 12 మీటర్ల వెడల్పు కోర్టు, సెట్‌కి 35 పాయింట్లు, మూడు సెట్లలో రెండు గెలవాలి. బయట మట్టి కోర్టులో ఆడొచ్చు, గాలికి షటిల్ కాక్ కొట్టుకుపోయినట్టు ఇది కొట్టుకుపోదు. మా కావలిలో మా నాన్న వయసు వాళ్ళని కదిపితే చాలు, ఎవరు ఎక్కడ ఎలా కట్ చేసేవాళ్ళో గంట చెప్తారు, చివరికి వరంగల్ పిచ్చయ్య గారి దగ్గర ఆగుతారు, 1970లో ఈ ఆటకి అర్జున అవార్డు తెచ్చిన మనిషి. ఇప్పటి పిల్లలకి అర్జున అంటే క్రికెట్టే గుర్తొస్తుంది, సరే అది వేరే ఏడుపు.

నేను ఎంటెక్‌లో చేరిన మొదటి సెమిస్టర్‌లోనే క్లబ్ సెక్రటరీ అయిపోయా. గొప్పేం కాదు, ఉన్న సెక్రటరీకి ప్లేస్‌మెంట్స్ మొదలయ్యాయి, మిగతా వాళ్ళు చేతులెత్తలేదు, నేను కొత్తదాన్ని కాబట్టి తల ఊపాను. ఊపినదాన్ని ఊరుకోకుండా ఉత్సాహంగా పోస్టర్లు వేయించా, రీల్స్ చేశా, క్లాసు క్లాసుకీ తిరిగి అనౌన్స్ చేశా. మొదటి రోజు 60 మందికి పైగా వచ్చారు. నాకు కళ్ళు తిరిగాయి. వచ్చిన వాళ్ళందర్నీ వరసలో నిలబెట్టి తలా పది బంతులు వేసి చూసి, పదిమంది పేర్లు రాసుకుని, మిగతా వాళ్ళకి థాంక్యూ ఫర్ కమింగ్ అని చెప్పి పంపించేశా. 50 మందిని ఒక్క సాయంత్రంలో ఇంటికి పంపిన ఘనత నాదే. ఎంచుకున్న పదిమందిలో మిడ్స్ అయ్యేసరికి నలుగురు జారుకున్నారు. అలా ఏడుగురం మిగిలాం, నాతో కలిపి.

ఈ సంగతి నాన్నకి ఫోన్‌లో చెప్పి, ఇక్కడి పిల్లలకి ఆటలంటే ఇంట్రెస్ట్ లేదు నాన్నా అని గొణిగాను. ఆయన కాసేపు విని, "ఏమ్మా, మా డ్రిల్లు అయ్యోరు మాకు పరీక్ష పెట్టి తీసుకున్నాడా? ఏడాది పాటు బంతులు ఏరించాడు. ఆడేవోళ్ళని చూస్తా చూస్తా ఉంటే ఒకరోజు ఎవడో రాలేదు, నువ్వు నిలబడరా అన్నాడు. నువ్వు 50 మందిని బంతులు కూడా ఏరనీకుండా పంపిచ్చి ఇంట్రెస్ట్ లేదంటే ఎట్ట?" అన్నాడు. నాకు కోపమొచ్చింది, ఫోన్ పెట్టేశా, రాత్రి మెస్‌లో సాంబార్ అన్నం కలుపుకుంటుంటే ఆ మాటే తిరిగింది.

నేను చేసిన తప్పు అదే. టీమ్‌నీ క్లబ్‌నీ ఒకటే అనుకున్నా. టీమ్‌కి పదిమంది చాలు, జోనల్‌కి వెళ్ళేది వాళ్ళే. యూనివర్సిటీల అసోసియేషన్ పెట్టే ఇంటర్-యూనివర్సిటీ టోర్నీలకి ఎలాగూ వయసు పరిమితి ఉంటుంది, నా లాంటి ఎంటెక్ ముసలమ్మలకి ఇదే ఆఖరి ఛాన్స్. కానీ క్లబ్ అంటే ఆ పదిమంది కాదు కదా, ఎప్పటికీ టీమ్‌లోకి రాని వాళ్ళు కూడా సాయంత్రం వచ్చి ఓడిపోయి నవ్వుకుని వెళ్ళే చోటు. మాకది లేదు.

ఇక్కడ ఒక మాట. పైస్థాయిలో యూనివర్సిటీ ఆటలకి మంచి రోజులొచ్చాయి, కాదనను. ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ 2020లో భువనేశ్వర్‌లో మొదలయ్యాయి, రెండోసారి 2022లో బెంగళూరులో జరిగితే అక్కడ శివ శ్రీధర్ అనే ఈతగాడు ఒక్కడే 7 గోల్డ్‌లు కొట్టాడు. చెన్నైలోనే ఉన్న ఐఐటీ మద్రాస్ 2024-25 నుంచి ఆటగాళ్ళకి ఒక్కో యూజీ కోర్సులో 2 సీట్లు అదనంగా పెట్టింది, అందులో ఒకటి అమ్మాయిలకే. బాగుంది. కానీ మెడల్స్ పెరగడం వేరు, ఆడేవాళ్ళు పెరగడం వేరు. మెడల్ తెచ్చేవాడిని స్కాలర్‌షిప్ ఇచ్చి తెచ్చుకోవచ్చు. ఇన్నాళ్ళూ బ్యాట్ పట్టని ఈసీఈ సెకండియర్ పిల్లని సాయంత్రం ఐదున్నరకి గ్రౌండ్‌కి రప్పించడానికి ఏ స్కాలర్‌షిప్పూ లేదు.

ఆ పిల్ల ఎందుకు రాదో కనుక్కుందామని పోయిన జనవరిలో హాస్టల్‌లో రూమ్ రూమ్‌కీ తిరిగా. బద్ధకం, చదువు, ఫోన్ ఇలాంటివి చెప్తారనుకున్నా. ఎక్కువమంది చెప్పింది వేరే. క్లాసులు నాలుగున్నరకి అయిపోతాయి, ఐదింటిదాకా చెన్నై ఎండలో గ్రౌండ్‌లో నిలబడలేం, ఐదున్నరకి కోర్టు మాకు దొరుకుతుంది, ఆరున్నరకి అమ్మాయిలు హాస్టల్ గేటు లోపల ఉండాలి, గ్రౌండ్ నుంచి గేటుకి నడక పావుగంట. మిగిలేది ముప్పావుగంట, అందులో నెట్ కట్టడం, విప్పడం. దీనికోసం బట్టలు మార్చుకుని ఎవరొస్తారు? నేనే రాను, సెక్రటరీ కాకపోతే. అబ్బాయిలకి గేటు తొమ్మిదిన్నర. ఇంటర్‌లో ఫర్లాంగు దూరం పరిగెత్తి ఫస్టొచ్చిన పిల్లలు మా ఫ్లోర్‌లో ముగ్గురున్నారు, చెన్నై వచ్చాక ఒక్కళ్ళూ బూట్లు కట్టలేదు.

వార్డెన్ మేడమ్ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్తే "రూల్ అందరికీ ఒకటేమ్మా" అన్నారు. అందరికీ ఒకటి కాదు కదా మేడమ్ అని నోటిదాకా వచ్చింది, మింగేశా. తర్వాత పీడీ సార్‌ని, అంటే ఫిజికల్ డైరెక్టర్‌ని పట్టుకున్నా, ఆయన ఆటలాడి వచ్చిన మనిషి, విసుక్కుంటారు గానీ పని చేస్తారు. ఆయన చెప్పిన ఉపాయం ఏంటంటే రూల్ మార్చమని అడగొద్దు, లిస్ట్ ఇస్తానని అడగండి అని. సరే, రోజూ ఎవరెవరు గ్రౌండ్‌లో ఉన్నారో పేర్లు రాసి సార్ సంతకంతో గేటుకి పంపిస్తాం, అందరం కలిసి ఒకేసారి వెనక్కొస్తాం, ఏడున్నర దాటదు అని రాసిచ్చాం. రెండు నెలలు ఫైల్ కదల్లేదు. మూడో నెల్లో కదిలింది. ఆ వారమే మా లెక్క 11 నుంచి 24కి వెళ్ళింది, ఏ పోస్టరూ వేయకుండా. సెక్యూరిటీ అన్న ఇప్పుడు లిస్ట్ చూడకుండానే "బ్యాట్మింటన్ దానే, పో పో" అంటాడు.

రెండో తలనొప్పి బ్యాట్లు. ఈ బ్యాట్ మాల్‌లో దొరకదు, ఆన్‌లైన్‌లో తెప్పిస్తే షటిల్ బ్యాట్ వచ్చింది ఒకసారి. కొత్తగా వచ్చే పిల్లని ముందు బ్యాట్ కొనుక్కో అంటే రెండో రోజు రాదు. లోకల్ ట్రైన్ ఎక్కి పార్క్ స్టేషన్‌లో దిగి పెరియమెట్ వెళ్ళి నెహ్రూ స్టేడియం దగ్గరి స్పోర్ట్స్ షాపుల్లో బేరమాడి నాలుగు బ్యాట్లు తెచ్చాం, క్లబ్ ఫండ్ అక్కడికి ఖాళీ. నాన్న ఊళ్ళో అటకలమీద ఉన్నవన్నీ పోగుచేసి ఆరు బ్యాట్లు గోనెసంచిలో కట్టుకుని పినాకినిలో వచ్చాడు, అందులో రెండిటికి గట్ (బ్యాట్‌కి అల్లే తీగ) లేదు, ఒకదానికి హ్యాండిల్ చెదలు. గట్ వేయడం మాలో ఎవరికీ రాదు. నవంబర్‌లో వానలకి గ్రౌండ్ చెరువైపోతుంది కదా, ఉన్ని బంతి తడిస్తే ఇక అది బంతి కాదు నానిన వడ, అప్పుడు ఈ ఏడాది కారిడార్‌లో కూచుని గట్ వేయడం నేర్చుకోవాలని ప్లాన్.

ట్రయల్స్ ఈసారి జూలైలో పెట్టలేదు. టీమ్ ఎంపిక ఎప్పుడో చివర్లో. మంగళ శుక్రవారాలు పూర్తిగా కొత్తోళ్ళవి, ఆ రోజు టీమ్ వాళ్ళు ఆడకూడదు, కోర్టు బయట నిలబడి బంతులు ఏరాలి. నాన్న మాట తిరగేసి వాడుకున్నా అన్నమాట. దీని మీద మా టీమ్‌లో చిన్న సైజు యుద్ధం జరిగింది, ఒకడు ప్రాక్టీస్ పోతోందని అలిగి వెళ్ళిపోయాడు. బాగా ఆడేవాడు. వాడు వెళ్ళడం నాకిప్పటికీ కొంచెం గుచ్చుకుంటుంది, జోనల్‌లో మొదటి రౌండ్‌లోనే పోతే నన్నే అంటారు.

తెలుగు తమిళం గొడవ కూడా చెప్పాలి. మొదట్లో మావాళ్ళంతా ఒక గుంపు, తమిళ పిల్లలు ఒక గుంపు, మమ్మల్ని చాటుగా గొల్టీలు అనేవాళ్ళు, మేం వాళ్ళనేం తక్కువ అన్లేదు లెండి. షటిల్ అయితే నలుగురు చాలు, నీ ఫ్రెండ్స్‌తో నువ్వు ఆడేసుకోవచ్చు. ఇక్కడ కోర్టు నిండాలంటే పదిమంది కావాలి, నీకు నచ్చినా నచ్చకపోయినా అవతలి గుంపులోంచి ఇద్దర్ని పిలవాలి. పిలిచాం. వాళ్ళు పందు అంటారు మనం బంతి అంటాం, ఎంత దూరం చెప్పండి. ఇప్పుడు మదురై నుంచి వచ్చిన ఫస్టియర్ పిల్ల ఉంది, ప్రతి గేమ్ ఓడిపోతుంది, నిజంగా ప్రతి గేమ్, మొన్న 35-6. ఓడిపోగానే నెట్ దగ్గరికొచ్చి "ఇన్నొరు గేమ్ అక్కా" అంటుంది, ఇంకో గేమ్ అని. తెలుగు ఇంకా రాదు, కానీ "ఒరేయ్ వెనక్కి వెనక్కి" అని మాత్రం నాకంటే గట్టిగా అరుస్తుంది.

కొందరు ఫస్టియర్లు యాక్టివిటీ పాయింట్ల కోసమే వస్తారు, గంటలు నింపుకుని మాయమవుతారు. కొందరు ఓడీ దొరుకుతుందేమోనని వస్తారు, టోర్నీకి వెళ్తే క్లాసుకి రాకపోయినా ఆన్ డ్యూటీ అని హాజరు వేస్తారు కదా, 75 శాతం దగ్గర ఊగిసలాడేవాళ్ళకి అది అమృతం. ముందైతే వీళ్ళని చూసి ఒళ్ళు మండేది. ఇప్పుడు స్కోర్ బుక్ చేతికిస్తున్నా. అలా వచ్చిన వాళ్ళలో ముగ్గురు ఉండిపోయారు, ఒకడు అంపైరింగ్ నాకంటే బాగా చేస్తాడు, సర్వీస్ నడుము పైనుంచి వేస్తే సీనియర్ అని చూడకుండా ఫాల్ట్ ఇస్తాడు. నాకే రెండిచ్చాడు.

43 మందికి ఒక్క కోర్టు చాలడం లేదు. మొన్న పీడీ సార్ దగ్గరికెళ్ళి రెండో కోర్టు అడిగాను. ఆయన పేపర్ మీంచి తలెత్తకుండా "వానలొస్తే గీతలు కొట్టుకుపోతాయి, జనవరిలో రా" అన్నారు. సరే సార్ అని వచ్చేశాం. ఆ సాయంత్రమే పల్లావరం వెళ్ళి ఒక బస్తా సున్నం కొన్నాం, జనవరికి రేటు పెరిగితే అని. స్టోర్ రూమ్ తాళం సార్ దగ్గరుంది, ఆయన్ని అడిగితే విషయం బయటపడుతుంది, అందుకని ఆ బస్తా ప్రస్తుతం నా మంచం కింద ఉంది. రూమ్మేట్ రోజూ తుమ్ముతోంది. వార్డెన్ మేడమ్ రూమ్ చెకింగ్ శుక్రవారం అంట.