హామిల్టన్‌ల వెంట స్కాట్లాండ్‌లో

సెయింట్ ఆండ్రూస్‌కు రైలు లేదు. ఎడిన్‌బరా వేవర్లీలో ఎక్కి, ఫోర్త్ నదీముఖం మీది ఎర్ర ఇనుప వంతెన దాటి, లూకర్స్ అనే చిన్న స్టేషన్‌లో దిగి బస్సు పట్టుకోవాలి. గ్లాస్గోలో స్థిరపడిన మా బావగారు గోల్ఫ్ మైదానం చూడటానికి బయలుదేరారు. నేను వెళ్లింది రోడ్డు రాళ్లలో పొదిగిన రెండు అక్షరాల కోసం.

నార్త్ స్ట్రీట్‌లో సెయింట్ సాల్వేటర్ చాపెల్ గోపురం ముందు ఉన్నాయవి: పి, హెచ్. ప్యాట్రిక్ హామిల్టన్ అని. 1528 ఫిబ్రవరి 29న అతన్ని ఇక్కడే కొయ్యకు కట్టి సజీవంగా కాల్చారు. అప్పటికి అతని వయసు ఇరవై నాలుగు. కట్టెలు తడిసి ఉండి మంట సరిగా అంటుకోలేదు. మధ్యాహ్నం మొదలైన దహనం సాయంత్రం ఆరు దాకా సాగింది. విశ్వవిద్యాలయం విద్యార్థులు ఆ అక్షరాల మీద కాలు పెట్టరు, తొక్కితే డిగ్రీ రాదట. చేతిలో కాఫీ, చెవిలో ఫోను ఉన్న పిల్లలు కూడా అక్కడికి రాగానే అడుగు పక్కకు వేయడం చూశాను. పొరపాటున తొక్కినవాళ్లు మే 1న తెల్లవారుజామున ఉత్తర సముద్రంలో మునగాలని ఒకమ్మాయి చెప్పింది.

"పుణ్యస్నానమన్నమాట! ఆ నీళ్లలోనా? దానికంటే పరీక్ష తప్పడమే నయం," అన్నారు బావగారు.

హామిల్టన్‌లు మామూలు ఇంటివాళ్లు కారు. రాజకుమార్తెను చేసుకున్న వంశం. స్టూవర్ట్ రాజులకు సంతానం లేకపోతే సింహాసనం వీళ్లదే. అలాంటి ఇంట్లో చిన్న కొడుకులకు మఠాలు రాసివ్వడం ఆనవాయితీ. ప్యాట్రిక్ పదమూడేళ్లకే ఉత్తరాన ఉన్న ఫెర్న్ మఠానికి పేరుకు అధిపతి. ఆ రాబడితోనే పారిస్‌లో చదువుకున్నాడు, అక్కడే కాథలిక్ చర్చిని ఎదిరించిన జర్మన్ సంస్కర్త లూథర్ భావాలు తలకెక్కాయి. జర్మనీకి పారిపోయి, అప్పుడే తెరిచిన మార్బుర్గ్ విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడ ఉండిపోగలిగీ ఉండకుండా తిరిగి వచ్చాడు. మాట్లాడుకుందాం రమ్మని ఆర్చిబిషప్ జేమ్స్ బీటన్ పిలిస్తే సెయింట్ ఆండ్రూస్‌కు వెళ్లాడు. ఆ తర్వాత బీటన్ మనిషి ఒకరు ఆయనకు ఒక సలహా ఇచ్చారని స్కాట్లాండ్ ప్రొటెస్టెంటు సంస్కర్త జాన్ నాక్స్ తన చరిత్రలో రాశాడు. ఇకమీదట ఎవరినైనా కాల్చాలనుకుంటే నేలమాళిగల్లో కాల్చండి, ప్యాట్రిక్ పొగ తగిలినవాళ్లందరికీ అతని జబ్బే అంటుకుంటోంది, అని.

సముద్రం ఒడ్డున, గోల్ఫ్ క్లబ్బుకు దగ్గరలోనే, ఇలా కాల్చబడిన నలుగురి పేర్లతో ఒక స్తంభం ఉంది. బావగారు మైదానం వైపు తిరిగి ఫొటోలు తీసుకుంటుంటే నేను పేర్లు చదివాను. మొదటి పేరు ప్యాట్రిక్‌ది. చివరిది వాల్టర్ మిల్న్ అనే ఎనభై దాటిన ముసలి పూజారిది. అతన్ని 1558లో కాల్చారు. అప్పుడు ఇక్కడ ఆర్చిబిషప్‌గా ఉన్నది జాన్ హామిల్టన్.

స్కాట్లాండ్ అంతటా ఒకే ఇంటిపేరువాళ్లు వేలల్లో ఉంటారు కాబట్టి ఈ ఇద్దరికీ చుట్టరికం లేదనుకోవచ్చు. కానీ వీళ్లు సాక్షాత్తు అన్నదమ్ముల బిడ్డలు. ఇద్దరి తండ్రులూ మొదటి లార్డ్ హామిల్టన్ కొడుకులే, తల్లులే వేరు. జాన్‌కు కూడా చిన్నతనంలోనే పైస్లీ మఠం దక్కింది. ఒకే ఇంట్లో, ఒకే తాయిలంతో మొదలైన ఇద్దరిలో ఒకరు చితికెక్కితే, మరొకరు చితి పేర్చిన వ్యవస్థకు పెద్ద అయ్యారు.

జాన్‌కు సవతి తమ్ముడు జేమ్స్, ఆరన్ ప్రభువు. పసిపాప మేరీ రాణి అయినప్పుడు రీజెంటుగా దేశాన్ని ఏలింది ఇతనే. 1543 వసంతంలో బైబిల్‌ను జనభాషలో చదువుకోవచ్చని చట్టం చేయించాడు. సెప్టెంబరు నాటికి ఆర్చిబిషప్ జేమ్స్ బీటన్ బంధువైన కార్డినల్ డేవిడ్ బీటన్‌తో రాజీపడి పాత కాథలిక్ మతానికి తిరిగి వచ్చాడు. ఐదేళ్ల మేరీని ఫ్రాన్సుకు పంపడానికి ఒప్పుకుని అక్కడ డ్యూక్ పదవి పుచ్చుకున్నాడు. 1559లో మళ్లీ ప్రొటెస్టెంటు సంస్కరణవాదుల వైపు దూకాడు. మరుసటేడు పార్లమెంటు పోపు అధికారాన్ని రద్దు చేస్తుంటే తమ్ముడు ఒక పక్క, ఆర్చిబిషప్ అన్న ఎదుటి పక్క. చరిత్రకారులు అతన్ని చపలచిత్తుడంటారు. నాకు మాత్రం అతని లెక్క ఒక్కటే కనిపిస్తుంది: సింహాసనానికి దగ్గరగా ఉండటం. మతం మారినా ఆ లెక్క మారలేదు.

లిన్‌లిత్‌గోలో దిగినప్పుడు సన్నగా వాన. మేరీ పుట్టిన రాజప్రాసాదం చెరువు ఒడ్డున పైకప్పు లేకుండా నిలబడి ఉంది. అందరూ అటే వెళ్తారు. మేము హై స్ట్రీట్ పట్టుకున్నాం.

"మళ్లీ హామిల్టనేనా?" అన్నారు బావగారు.

"ఈసారి తుపాకీ బావగారూ."

1570 జనవరి 23న రీజెంట్ మోరే ఈ వీధిలో గుర్రం మీద వెళ్తున్నాడు. మేరీని దించేశాక దేశాన్ని ఏలుతున్న ప్రొటెస్టెంటు నాయకుడు అతను. ఆర్చిబిషప్‌కు చెందిన ఇంట్లో నుంచి బోత్‌వెల్‌హాకు చెందిన మరో జేమ్స్ హామిల్టన్ తుపాకీ పేల్చాడు. మేరీ పక్షాన లాంగ్‌సైడ్ యుద్ధంలో ఓడి పట్టుబడినప్పుడు ఇతన్ని ప్రాణాలతో వదిలేసింది మోరేనే. ఆ రాత్రే మోరే చనిపోయాడు. దేశాన్ని ఏలుతున్నవారిని తుపాకీతో చంపడం నమోదైన చరిత్రలో ఇదే మొదటిదంటారు. వెనక సిద్ధంగా ఉంచుకున్న గుర్రమెక్కి హంతకుడు ముందు హామిల్టన్‌కు, తర్వాత ఫ్రాన్సుకు పారిపోయాడు. వీధిలో ఇప్పుడు ఒక ఫలకం తప్ప ఏమీ లేదు. దాని కింద గొడుగు ముడుస్తున్న ఒక పెద్దాయన, మేము చదువుతున్నామని పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

హంతకుడు దొరకలేదు కానీ ఆర్చిబిషప్ దొరికాడు. 1571 ఏప్రిల్‌లో డంబార్టన్ కోట ప్రభుత్వ సేనల చేతికి చిక్కినప్పుడు పట్టుకుని, రోజుల వ్యవధిలోనే స్టర్లింగ్‌లో ఉరితీశారు. స్టర్లింగ్ కోట ఎక్కుతూ నేను తలచుకున్నది ఈ విషయమే. 1566 డిసెంబరులో ఇదే కోటలో మేరీ కొడుకు, పసివాడైన ఆరవ జేమ్స్‌కు కాథలిక్ పద్ధతిలో జ్ఞానస్నానం చేయించింది ఈ ఆర్చిబిషప్పే. ఐదేళ్లయినా తిరగకముందే, ఆ పిల్లవాడి పేరు మీద ఏలుతున్న ప్రభుత్వం అతని మెడకు తాడు వేసింది. ఇప్పుడున్న చాపెల్ 1594లో కట్టింది కాబట్టి ఆ జ్ఞానస్నానం జరిగిన చోటును కళ్లారా చూసే వీలు లేదు.

హామిల్టన్ ఊరికి బావగారి కారులో వెళ్లాం. 1445 దాకా దాని పేరు కాడ్‌జో. రాజశాసనంతో ఇంటిపేరే ఊరి పేరైంది. వీళ్ల మహాభవనం ఇప్పుడు లేదు, కింద బొగ్గు తవ్వి తవ్వి నేల కుంగడంతో 1920లలో కూల్చేశారు. మిగిలింది పదో డ్యూక్ కట్టించిన సమాధి మందిరం. ఆయన ఈజిప్టు రాతి శవపేటిక కొని తెచ్చుకుని, మమ్మీగా మారి అందులో పడుకున్నాడు. లోపల ప్రార్థనలు జరపాలనుకున్నారు కానీ శబ్దం పదిహేను సెకన్ల పాటు మారుమోగుతుంది. గైడ్ తలుపు ధడాలున మూసి చూపించాడు. పాదిరీ మొదటి వాక్యం ఆగేలోగా నాలుగో వాక్యానికి రావాలి. దేవుడి పనికి ఇంత పనికిరాని కట్టడాన్ని ఇంత డబ్బు పోసి కట్టినవాళ్లు అరుదు.

రాజకీయం మాత్రం ఈ పేరును వదల్లేదు. ఇంగ్లండ్‌తో స్కాట్లాండ్‌ను కలిపేసిన 1707 యూనియన్‌ను ఎదిరించాల్సిన నాలుగో డ్యూక్, సభ నుంచి అందరూ లేచి రావాల్సిన రోజున పన్ను నొప్పి అని ఇల్లు కదలనన్నాడు. బతిమాలి తీసుకొస్తే ముందుండి నడపనన్నాడు. యూనియన్ జరిగిపోయింది. 1967లో ఇదే ఊరి ఉప ఎన్నికలో స్కాటిష్ నేషనల్ పార్టీ అభ్యర్థి విన్నీ యూయింగ్ లేబర్ కంచుకోటను పడగొట్టింది. స్వాతంత్ర్యవాదానికి ఊపు వచ్చింది అక్కడి నుంచే.

కారెక్కుతూ అడిగాను, "2014 స్వాతంత్ర్య రెఫరెండంలో మీరు ఎటు వేశారు బావగారూ?"

"మీ అక్కయ్య కూడా ఇప్పటికీ అడుగుతూనే ఉంది," అంటూ ఆయన బెల్టు పెట్టుకున్నారు. "ఆ రోజు నాకు పన్ను నొప్పమ్మా."