240 అంటే కేజీ ధర కాదు పిన్నీ

పలాస పక్కనున్న కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒక షావుకారుగారి వెబ్‌సైటు ఈమధ్య మళ్లీ కట్టి ఇచ్చాను. సరుకు మంచిది, పేరూ ఉంది. ఫోన్లు మాత్రం ఎప్పుడూ "కేజీ ఎంతండీ?" అనే వస్తాయట. ధర సైటులో ఎక్కడా లేదు మరి. పేజీ తెరవగానే షాపు ఫొటో, షీల్డు అందుకుంటున్న ఫొటో, సంస్థ చరిత్ర ఒకదాని వెనక ఒకటి జరిగిపోతూ ఉండేవి. కొనడానికి వచ్చిన మనిషి ముందు వెతికేది ఏ రకం ఉంది, ఎంత, మా ఊరికి పంపుతారా, ఎన్నాళ్లకి వస్తుంది అని. ఇవి పేజీ కిందికి జరపకుండానే కనబడాలని పట్టుబట్టాను.

"ధర పెడితే పక్క షాపువాళ్లు చూసేస్తారు కదమ్మా" అన్నారాయన. పక్క షాపువాళ్లకి ఆయన ధర ఎలాగూ తెలుసు. తెలియనిది హైదరాబాదులో ఫోన్ పట్టుకుని కూర్చున్న ఆవిడకి. ధరలు రోజూ మారతాయన్న భయం మాత్రం న్యాయమే. అందుకే ధర పక్కన తేదీ వేశాం.

కొత్త పేజీ మొదలుపెట్టే ముందు, రాజాం దగ్గర పల్లెలో ఉండే మా పిన్ని చేతిలో పాత సైటు పెట్టి, "అరకేజీ పెద్ద గుండు జీడిపప్పు మీ ఇంటికి తెప్పించు పిన్నీ" అని పక్కన కూర్చున్నాను. ఇలా చూసేటప్పుడు మనం నోరు మెదపకూడదు. "అక్కడ నొక్కు" అన్నామా, ఇక చూసి లాభం లేదు. ఐదుగురిని ఇలా కూర్చోబెడితే సైటులోని ఇబ్బందులు చాలావరకు బయటపడతాయని, వెబ్‌సైట్ల వాడకం మీద పరిశోధన చేసే జేకబ్ నీల్సన్ 2000లోనే రాశారు. నాకైతే మొదటి మనిషి దగ్గరే బోలెడు పని దొరుకుతుంది.

పిన్ని "డబ్ల్యూ 240" దగ్గర ఆగిపోయింది. "ఇదేటే, 240 అంటే కేజీ ధరా? ఇంత చవకా?" అంది. పలాసలో ఎవరినడిగినా చెబుతారు, అది గింజల లెక్క. డబ్ల్యూ అంటే తెల్లని గుండు పప్పు. 240 అంటే పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, 220 నుంచి 240 గింజలు తూగుతాయని. అంకె పెరిగేకొద్దీ గింజ చిన్నదవుతుంది. ఇంట్లో పాయసానికి కొనుక్కునేవాళ్లకి ఈ లెక్క ఎందుకు తెలియాలి? ఇప్పుడు పేజీలో "పెద్ద గుండు", "చిన్న గుండు", "బద్దలు", "ముక్కలు" అని ఉంటుంది. ఒక్కోదానికి అరచేతిలో పోసి తీసిన ఫొటో, ఏ వంటకి బాగుంటుందో ఒక్క మాట. గ్రేడు కోడు కింద చిన్నగా ఉంచాం, హోల్‌సేల్ వాళ్లు దాన్నే వెతుకుతారు.

ఆ తర్వాత అడ్రసు. "అపార్ట్‌మెంట్", "స్ట్రీట్" అని రెండు గడులు, నింపందే ముందుకు పోదు. పిన్ని వాళ్ల వీధికి పేరే లేదు. నాకు చాలా కోపం వచ్చింది. మన జిల్లాల్లో చిరునామా అంటే ఊరు, మండలం, పిన్‌కోడు, ఒక గుర్తు. "రామమందిరం ఎదురుగా" అని రాసుకోనివ్వాలి. ఫోన్ నంబరు గడి నొక్కితే అంకెల కీబోర్డే రావాలి. ముందు సున్నా పెట్టినా, మధ్యలో ఖాళీ వదిలినా సైటే సర్దుకోవాలి. "ఇన్‌వాలిడ్" అంటే ఎవరికి ఏం అర్థమవుతుంది? "పిన్‌కోడులో ఆరు అంకెలు ఉండాలి, ఐదే ఉన్నాయి" అని చెబితే దిద్దుకుంటారు.

పాత సైటులో తెలుగంతా ప్రెస్సులవాళ్లు వాడే అనూ ఫాంటులో కొట్టి బొమ్మలుగా అతికించినదే. ఫోన్ నంబరు కూడా బొమ్మలోనే, నొక్కితే కాల్ వెళ్లదు. బొమ్మలోని తెలుగుని చూపులేనివారికి ఫోన్ సరిగా చదివి వినిపించలేదు, పెద్దది చేస్తే మసకబారుతుంది. అంతా ఏ ఫోన్‌లోనైనా అక్షరాలుగానే కనబడే యూనికోడ్‌లో మళ్లీ టైపు చేశాను. ఇంగ్లీషుకి సరిపోయే వరుసల ఎడం మనకి చాలదు, పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. ఎడం కాస్త పెంచగానే పిన్ని కళ్లజోడు వెతుక్కోకుండా చదివేసింది. మీగడ రంగు మీద బంగారు రంగు అక్షరాలు కూడా తీసేశాను. మామూలు అక్షరానికీ వెనక రంగుకీ కాంట్రాస్టు, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాల్లో ఉంది. ఒక్కోటి నాలుగైదు ఎంబీలున్న ఫొటోలని, తక్కువ సైజులో ఇమిడే వెబ్‌పీ ఫార్మాట్‌లోకి కుదించాను.

ధరల కోసం షావుకారుగారి ఫోన్లో ఒక గూగుల్ షీట్ పెట్టాను. అందులో అంకె మారిస్తే సైటులో మారుతుంది, తేదీ దానంతటదే పడుతుంది. రెండు రోజులు ఎవరూ ముట్టుకోకపోతే ధర పోయి, "ఫోన్ చేయండి" అని నంబరు వస్తుంది. ఇక ఒడియా పేజీ మిగిలింది, బరంపురం వైపు నుంచి కొనేవాళ్లు ఉన్నారు కదా. దానికి ఇచ్ఛాపురంలో, ఇంట్లో ఒడియా మాట్లాడుకునే ఎవరినైనా కూర్చోబెట్టి చూడాలి.