40 అక్షరాల కాలమ్‌లో పట్టని వెంకటేశ్వరరావు

మా కంపెనీ చిన్నది, పాల సేకరణ కేంద్రాలకు సాఫ్ట్‌వేర్ ఇస్తాం. ఒక్కో కేంద్రంలో ఒక సర్వర్, దాంట్లో ఉబుంటు 22.04 అనే ఆపరేటింగ్ సిస్టమ్, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్. నెట్ ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లు, అందుకే క్లౌడ్ జోలికి వెళ్లలేదు. నేను చేరినప్పుడు ఇన్‌స్టలేషన్ అంటే 43 స్టెప్పుల వర్డ్ ఫైల్. మధ్యలో ఎవరో ఎర్ర రంగులో "ఇక్కడ జాగ్రత్త" అని రాసి పెట్టారు, దేనికి జాగ్రత్తో మాత్రం రాయలేదు. ఒక్కో సర్వర్‌కి సగం పూట పట్టేది, అయినా రెండు సర్వర్లు ఒకేలా ఉండేవి కావు. ఒకచోట షేర్డ్ బఫర్స్ (డేటాబేస్ తన పనికి వాడుకునే మెమరీ) 2 జీబీ ఉంటే ఇంకోచోట ఎవరూ ముట్టుకోని డిఫాల్ట్ 128 ఎంబీ.

ఒకేసారి 11 కేంద్రాల ఆర్డర్ వచ్చేసరికి ఇక చేత్తో చేయలేనని బాష్ స్క్రిప్ట్, అంటే కమాండ్లన్నీ వరసగా తనే నడిపే ఫైల్, మొదలుపెట్టాను. సీనియర్ అన్న ఆన్సిబుల్ (చాలా సర్వర్లను ఒకేలా సెట్ చేసే టూల్) వాడమన్నాడు, కానీ 11 మెషీన్ల కోసం అది నేర్చుకునే ఓపిక అప్పుడు లేదు.

మొదటిరోజు స్క్రిప్ట్ గంటసేపు కదలలేదు. చూస్తే ఏ సర్వీసులు రీస్టార్ట్ చేయాలో చెప్పమంటూ ఉబుంటు ఒక డబ్బా చూపించి కూర్చుంది, దానికి జవాబు చెప్పే మనిషేమో అక్కడ లేడు. ప్రశ్నలు అడగొద్దని చెప్పే నాన్‌ఇంటరాక్టివ్ సెట్టింగ్ పెట్టాక అది పోయింది. రెండోది ఇంకా మోసం: పోస్ట్‌గ్రెస్‌కి కమాండ్లు పంపే పీఎస్‌క్యూఎల్‌కి, టేబుళ్లు తయారుచేసే ఎస్‌క్యూఎల్ ఫైల్ ఇస్తే మధ్యలో ఒక టేబుల్ ఫెయిలైనా ఆగకుండా మిగతావి నడిపి, చివర్లో సక్సెస్ కోడ్ సున్నా ఇస్తుంది. నా స్క్రిప్ట్ పచ్చ రంగులో "అయిపోయింది" అని రాసేది, లోపల టేబుల్ ఉండేది కాదు. ఆన్ ఎర్రర్ స్టాప్ అనే వేరియబుల్‌కి 1 ఇస్తేనే తప్పు దగ్గర ఆగుతుంది. సెట్టింగులు కూడా మొదట్లో మెయిన్ కాన్ఫిగ్ ఫైల్ చివర అతికించేవాణ్ణి, స్క్రిప్ట్ మూడుసార్లు నడిపితే అవే లైన్లు మూడుసార్లు పడేవి. చివరిదే లెక్కలోకి వస్తుంది కాబట్టి నష్టమేమీ లేదు గానీ చూడ్డానికి అసహ్యం. కాన్ఫ్ డాట్ డీ ఫోల్డర్‌లో మా ఫైల్ ఒకటి వేరేగా పెట్టి, నడిపిన ప్రతిసారీ దాన్నే తిరగరాయడం మొదలుపెట్టాను.

మూడు సర్వర్లు వెళ్లిపోయాయి. నాలుగో రోజు ఒక కేంద్రం నుంచి ఫోన్: "సార్, రైతు పేరు ఎక్కట్లేదు." ఏ పేరు అంటే వెంకటేశ్వరరావు. రాము ఎక్కుతోంది, సీత ఎక్కుతోంది, వెంకటేశ్వరరావు మాత్రం "పొడవు ఎక్కువైంది" అని వెనక్కొస్తోంది. కాలమ్ చూస్తే 40 అక్షరాలది! సాయంత్రం దాకా నేను అప్లికేషన్‌నే తిట్టుకున్నాను. చివరికి ఊరికే ఆ పేరు పొడవెంతో డేటాబేస్‌నే అడిగితే 42 అంది. గుణింతాలు, ఒత్తులు విడదీసి లెక్కపెట్టినా 14 రావాలి. మూడు పధ్నాలుగులు నలభై రెండు, అంటే అది అక్షరాలు కాదు, బైట్లు లెక్కపెడుతోంది. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఒక్కోటి మూడు బైట్లు. ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) చూస్తే ఎస్‌క్యూఎల్ ఆస్కీ అని ఉంది, అంటే ఏ భాషైనా దానికి ఉత్త బైట్లే.

తప్పు నాదే. కమాండ్ల అవుట్‌పుట్ అన్ని మెషీన్లలో ఒకేలా రావాలని స్క్రిప్ట్ మొదట్లో లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగ్) "సీ" అని, అంటే ఏ భాషకీ చెందని మామూలు రకం అని, ఒక లైన్ పెట్టాను. డేటా వేరే డిస్క్ మీద ఉండాలని క్లస్టర్‌ని (పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లన్నీ ఉండే చోటు) కూడా స్క్రిప్టే సృష్టించేది, అదీ ఆ లొకేల్‌నే పట్టుకుంది, దాంతో ఎన్‌కోడింగ్ ఎస్‌క్యూఎల్ ఆస్కీ అయింది. చేత్తో చేసినప్పుడు ఈ లైన్ లేదు కాబట్టి సమస్యా లేదు. డేటాబేస్ తయారయ్యాక ఎన్‌కోడింగ్ మార్చే కమాండ్ ఉండదు. సాయంత్రం పాలు పోయడం అయ్యాక, తెల్లారి మళ్లీ మొదలయ్యేలోపు, మూడు రాత్రులు మూడు కేంద్రాల్లో డంప్ (డేటా మొత్తం కాపీ) తీసి, యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పి కొత్త క్లస్టర్ కట్టి, డేటా మళ్లీ ఎక్కించాను. మూడో రాత్రి కరెంటు కూడా పోయింది, ఆ టెన్షన్ వేరే కథ.

ఇప్పుడు స్క్రిప్ట్ చివరి పని ఆ పేరు పొడవు అడగడమే. 14 రాకపోతే ఎర్రగా రాసి ఆగిపోతుంది. మిగతా ఎనిమిది సర్వర్లూ అలాగే వెళ్లాయి. మొన్న కొత్తగా చేరిన కుర్రాడు స్క్రిప్ట్ చదివి, "అన్నా, ఈ వెంకటేశ్వరరావు ఎవరు, మన క్లయింటా?" అని అడిగాడు.