హెలి పడ్డాక ముందు వంగినవి వెతకండి

ఆర్సీ (రిమోట్‌తో ఎగరేసే) హెలికాప్టర్ నేర్చుకునేవాళ్ళలో పడెయ్యనివాళ్ళు ఉండరు. పడ్డాక దాన్ని మళ్ళీ ఎలా లేపాలో తెలుగులో చెప్పినవాళ్ళు నాకు కనపడలేదు, అందుకే రాస్తున్నా. నాది 450 సైజు, ఫ్లైబార్‌లెస్ (పైన బ్యాలెన్స్ కడ్డీ లేని రకం), 3ఎస్ (మూడు సెల్స్) బ్యాటరీ. సర్జాపూర్ వైపు ఇంకా ఇళ్ళు కట్టని లేఅవుట్‌లో ఆదివారం పొద్దున్నే ఎగరేస్తుంటే పక్కనుంచి గాలి తన్నింది, ముక్కు నావైపు తిరిగింది, అలా తిరిగితే కుడి ఎడమలు తారుమారవుతాయి కదా, ఎర్రమట్టిలో పక్కకి పడిపోయింది. (బెంగళూరులో డిజిటల్ స్కై మ్యాప్ (ఎక్కడ ఎగరెయ్యొచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) చూడకుండా మాత్రం ఎక్కడా ఎగరెయ్యకండి, హెచ్ఏఎల్, యలహంక, జక్కూరు ఎయిర్‌ఫీల్డ్‌లన్నీ ఇక్కడే ఉన్నాయి.)

పడగానే థ్రాటిల్ హోల్డ్ (రిమోట్‌లో మోటార్ని ఆపేసే స్విచ్) వెయ్యాలి. బ్లేడ్లు మట్టిలో ఇరుక్కుని మోటార్ ఇంకా తిరగాలని చూస్తుంటే ఈఎస్‌సీ (మోటార్‌కి కరెంటు అందించే సర్క్యూట్) కాలిపోతుంది. తర్వాత బ్యాటరీ పీకి దూరంగా నేల మీద పెట్టెయ్యాలి, దెబ్బ తిన్న లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ అప్పటికప్పుడు బాగానే ఉండి కాసేపాగి ఉబ్బి అంటుకోవచ్చు, కాబట్టి బ్యాగులో వేసుకుని ఇంటికి తెచ్చుకోవద్దు.

నాకు నేర్పిస్తున్న అనంతపురం అన్న ఒకాయన ఉన్నాడు, మారతహళ్ళిలో మా పక్క వీధే. విరిగిన బ్లేడ్లు, బూమ్ (తోక గొట్టం) చూసి కొత్తవి ఆర్డర్ పెడదామంటే, "ఆగురా తమ్ముడూ, విరిగింది ఎట్లైనా కనపడతాది, వంగిందే కనపడదు" అన్నాడు. ఫోటో ఫ్రేమ్ అద్దం ఒకటి తీసి టేబుల్ మీద పరిచి, హెడ్‌లోంచి స్పిండిల్ (రెండు బ్లేడ్ల పట్టుల్నీ కలిపే సన్న కడ్డీ) బయటికి లాగి దాని మీద వేలితో మెల్లగా దొర్లించాడు. చేతిలో పట్టుకుంటే తిన్నగానే ఉంది, అద్దం మీద దొర్లుతుంటే మాత్రం మధ్యలో కింద సన్నగా వెలుతురు గీత, వస్తోంది పోతోంది. అంతే వంకర. దాన్ని అలాగే వదిలేసుంటే హెలి మొత్తం వణికేది, తోకని నిలకడగా ఉంచే సెన్సర్ జైరోకి కూడా ఆ వణుకు పోయి తోక నిలబడేది కాదు. 5 మిల్లీమీటర్ల మెయిన్ షాఫ్ట్ (హెడ్‌ని తిప్పే నిలువు కడ్డీ) కూడా అలాగే దొర్లించి చూశాం.

సర్వోలు (బ్లేడ్ల కోణం మార్చే చిన్న మోటార్లు) పైకి బాగున్నా నమ్మకూడదు. పవర్ లేకుండా ఆర్మ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి నిదానంగా తిప్పితే, లోపల గేర్ పన్ను పోయిన చోట వేలికి టక్‌మని తగుల్తుంది. నాకు ఒకదాంట్లో తగిలింది. మెయిన్ గేర్ పళ్ళు కూడా ఒక్కోటి చూడాలి.

ఇక బ్లేడ్ల విషయంలో పొదుపు వద్దు, దయచేసి. 325 మిల్లీమీటర్ల కార్బన్ బ్లేడు 2500 ఆర్పీఎంలో తిరుగుతుంటే ఒక్కోటి సుమారు 40 కిలోల బలంతో బయటికి లాగుతుంది, కొసల స్పీడు గంటకి 300 కిలోమీటర్లు దాటుతుంది. వెంట్రుకంత చీలిక ఉన్నా గమ్ పెట్టి వాడొద్దు, పారెయ్యండి.

బిగించేటప్పుడు మెటల్‌లోకి వెళ్ళే స్క్రూలకే బ్లూ థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు), ప్లాస్టిక్‌కి పెడితే అది పగుల్తుంది. ముందు బ్లేడ్లు లేకుండా మోటార్ తిప్పి సౌండ్ విన్నాం. తర్వాత రెండు బ్లేడ్లూ ఒకే ఎత్తులో తిరుగుతున్నాయో లేదో చూడటానికి వాటిని బిగించి, కొసలకి రెండు రంగుల టేపు చుట్టి, దూరంగా నిలబడి పక్కనుంచి చూస్తే ఎరుపు పైన, పసుపు కింద, రెండు గీతలు వేరుగా కనపడ్డాయి, ఒక బ్లేడు కోణం మార్చే లింక్ అర చుట్టు తిప్పాక ఒకే గీత అయ్యింది. ఆ గీత చూసినప్పుడు కలిగిన సంతోషం నాకు మొదటిసారి హోవర్ (గాల్లో ఒకేచోట నిలపడం) చేసినప్పుడు కూడా కలగలేదు, నిజంగా.

ఇప్పుడు ట్రైనింగ్ గేర్ (కింద కట్టే వెడల్పు కాళ్ళు) కట్టి, తోక నావైపే ఉంచి మోకాలెత్తులో హోవర్ చేస్తున్నా, నోస్-ఇన్ (ముక్కు నావైపు ఉంచి ఎగరెయ్యడం) మాత్రం సిమ్యులేటర్‌లోనే. స్పిండిల్, మెయిన్ గేర్, సర్వో గేర్లు ఒక్కో సెట్ ఎక్స్‌ట్రా తెచ్చి పెట్టుకున్నా. 450 బ్లేడ్లు బెంగళూరులో షాపుకెళ్ళి చూసి కొనుక్కునే చోటు ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డులో అడిగిన చోటల్లా డ్రోన్ ప్రొపెల్లర్లే చూపిస్తున్నారు.