బొమ్మ కింద నాలుగు మాటలు

పక్షవాతం అంటే కాలో చెయ్యో పడిపోవడమనే అనుకునేవాడిని. నాకు మెదడులో ఎడమవైపు, వెనుక భాగానికి వెళ్లే రక్తనాళం పూడుకుపోయింది. మాట, చేతులు బాగానే ఉన్నాయి, చదువు పోయింది. ఆసుపత్రిలో నా పేరు నేనే రాశాను. కాసేపటికి ఆ కాగితం చూపిస్తే చదవలేకపోయాను. రాయగలిగీ చదవలేని ఇలాంటి రోగి గురించి డెజెరిన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1892లోనే వివరించారని డాక్టరు గారు చెప్పాక నాకు ప్రాణం లేచివచ్చింది.

స్పీచ్ థెరపిస్టు ఒక బొమ్మ, దాని కింద నాలుగు మాటలు పెట్టేవారు. సరైన మాట మీద వేలు పెట్టాలి. మొదట్లో పాలగ్లాసు బొమ్మకు పాలు, కుర్చీ, ఏనుగు, చొక్కా. మొదటి అక్షరం దొరికితే చాలు. అసలు పని తరువాత మొదలైంది: పాలు, పాము, పూలు, పెరుగు. పాము, పూలు ఆకారంతో తికమక పెడతాయి, పెరుగు అర్థంతో లాగుతుంది. నా వేలు పెరుగు మీదికి ఎప్పుడూ పోలేదు. తడబాటంతా కొమ్ములు, దీర్ఘాల దగ్గరే. అర్థం భద్రంగా ఉందని, కంటి నుంచి అక్కడికి వెళ్లే దారే తెగిందని అలా తేలింది. ప, వ తేడా తెలియనప్పుడు అరచేతిలో వేలితో దిద్దితే చేతికి గుర్తొచ్చేది.

బంధువులు ప్రేమతో అక్షరమాల పుస్తకం తెచ్చారు. అయితే అఆఇఈలు వరసగా అప్పజెప్పడం నాకు మొదటి రోజు నుంచీ వచ్చు. అది చదవడం కాదు. పెద్దవాళ్లకు పెద్దవాళ్ల మాటలే కావాలి. మా అమ్మాయి ఊరంతా తిరిగి ఫోటోలు తీసి కార్డులు చేసింది. మలక్‌పేట రేసుకోర్సు ఫోటో కింద మలక్‌పేట, మల్లేపల్లి, మల్కాజిగిరి! నాకు కుడివైపు చూపు కూడా కొంత తగ్గడంతో మాట చివర కనిపించేది కాదు. అక్కడ ఎర్రచుక్క పెట్టి, అది కనబడేదాకా చూపు జరపమన్నారు. ఈ కార్డుల్లో చివరిదాకా వెళ్లక తప్పదు, ఊహ సాగదు. నాకు అన్నిటికంటే మేలు చేసినవి ఇవే. ఆగి ఉన్న బస్సు బోర్డు ఇప్పుడు చదువుతున్నాను. కదిలే బస్సుది ఇంకా అందడం లేదు.

ప్రస్తుతం వాక్యాలకు వచ్చాం. కుక్క వెంట పిల్లి పరుగెత్తే బొమ్మ. కింద రెండు వాక్యాలు: ‘పిల్లి కుక్కను తరిమింది’, ‘పిల్లిని కుక్క తరిమింది’. ఆ చిన్న ‘ని’, ‘ను’ల దగ్గర చాలాసేపు ఆగుతున్నాను. సరైనదే ఎంచుతున్నాను.