సలహాలు చాలు, ఒక పూట వచ్చి కూర్చోండి

పిల్లకి డెంగ్యూ వచ్చిందంటే చుట్టాలు బత్తాయిలు, కొబ్బరిబోండాలు పట్టుకుని దిగిపోతారు. అదే పిల్లకి ఓసీడీ, అంటే వద్దనుకున్నా ఒకే భయం, ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయించే మానసిక జబ్బు, అని చెప్పి చూడండి, సలహాలు తప్ప ఏమీ రావు, అవి కూడా ఫోన్లోనే. ఆంజనేయస్వామికి ప్రదక్షిణలు చేయించండి, ఫోన్ లాగేసుకోండి, హాస్టల్లో వేసేయండి, తాయెత్తు కట్టించండి, రెండు తగిలిస్తే అదే కుదురుతుంది. చెప్పినవాళ్ళంతా మంచివాళ్ళే, ప్రేమతోనే చెప్పారు. గుడి మీద నాకేమీ అభ్యంతరం లేదు, మేమూ అన్నవరం వెళ్ళి వ్రతం చేయించుకొచ్చాం. కానీ వ్రతం చేసుకొచ్చిన రాత్రి కూడా మాత్ర వేయాలి, మళ్ళీ వారం థెరపీకి తీసుకెళ్ళాలి, ఆ పూట చిన్నవాడిని ఎవరు చూస్తారన్నది ఏ సలహాలోనూ ఉండదు.

మాది కాకినాడ. అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. దాన్ని అడిగే రాస్తున్నాను, "నా పేరు రాయకు, మిగతాది రాసుకో" అంది.

మా అత్తయ్యగారు మడి కట్టుకునే మనిషి. మనవరాలు స్కూల్ నుంచి రాగానే బ్యాగ్ బయట పెట్టి, కాళ్ళు చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని గానీ ఏదీ ముట్టుకోకపోతే "అంతా నా పోలికే" అని మురిసిపోయేవారు. మన ఇళ్ళలో ఈ జబ్బు ఇలాగే దాక్కుంటుంది, శుభ్రత ఎక్కువైతే మెచ్చుకుంటాం తప్ప అనుమానించం. తర్వాత చేతులు పగిలి రక్తం వచ్చేదాకా కడగడం, స్నానానికి వెళితే గంటలు, నోట్సులో ఒక లైను రాసి కొట్టేసి మళ్ళీ రాయడం. వీటన్నిటికంటే మమ్మల్ని నలిపేసింది ఒకే ప్రశ్న, "అమ్మా, ఇది నాకు అంటుకోలేదు కదా?" అంటుకోలేదమ్మా అంటే రెండు నిమిషాలు ఊరట, మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ అదే జవాబు.

థెరపిస్ట్ మొదట ఆపించింది ఆ జవాబునే. ఈ చికిత్సలో భయపడే పనిని కొంచెం కొంచెంగా చేయిస్తారు, చేశాక కడుక్కోనివ్వరు, ఆ కంగారు దానంతటది దిగిపోయేదాకా ఆగడం నేర్పుతారు. మనం "ఏం కాదు" అని చెప్పిన ప్రతిసారీ కంగారు తాత్కాలికంగా తగ్గుతుంది, ఆ ప్రశ్నకి మాత్రం బలం పెరుగుతుంది. అందుకని ఇంట్లో అందరం ఒకటే మాట అనాలి: "ఇది నువ్వు అడగట్లేదు, ఓసీడీ అడుగుతోంది, నేను జవాబు చెప్పను." ప్రేమగా అనాలి, విసుక్కోకూడదు. పిల్ల ఏడుస్తుంటే ఈ మాట అనడం ఎంత కష్టమో అన్నవాళ్ళకే తెలుసు.

అసలు చిక్కు ఇక్కడే. నేను, మా ఆయన గట్టిగా ఉంటాం. పిల్ల నాన్నమ్మ దగ్గరికి వెళుతుంది, ఆవిడ "పాపం, ఒక్క మాట చెబితే ఏం పోయింది" అని చెప్పేస్తారు. అక్కడ కాకపోతే మేనత్తకి ఫోన్. అదీ కాకపోతే పక్కింటి పిన్నిగారు. నెలంతా కష్టపడి కట్టుకున్నది ఒక్క ఆదివారం చుట్టాలొచ్చి వెళ్ళేసరికి కూలిపోయేది. అంటే ఈ జబ్బుకి వైద్యం చేయాలంటే తల్లిదండ్రులు నేర్చుకుంటే సరిపోదు, ఆ పిల్ల చుట్టూ ఉన్న పదిమందీ నేర్చుకోవాలి. ఆ పక్కింటి పిన్నిగారు నేర్చుకున్నారు. ఒక సాయంత్రం థెరపిస్ట్ రాసిచ్చిన కాగితం చదివించుకుని, ఆ వాక్యాన్ని తన గోదావరి యాసలో మార్చుకుని, "మీ ఓసీడీ గారికి నేను జవాబు చెప్పనండీ, మీకు మాత్రం పెసరట్టు వేస్తాను, రండి" అనడం మొదలుపెట్టారు. మా అమ్మాయి మొదటిసారి నవ్వింది కూడా. అత్తయ్యగారు దారికి రావడానికి చాలా ఎక్కువ కాలం పట్టింది, ఆ కథ ఇక్కడ వద్దు.

ఇంకో సంగతి, మా అపార్ట్‌మెంట్లో నీళ్ళ గొడవ. ట్యాంకు మాటిమాటికీ ఖాళీ అవుతోందని, మోటారు కరెంటు బిల్లు పెరిగిందని మీటింగ్ పెట్టారు. మా అమ్మాయి గంటలకొద్దీ కడుక్కోవడం వల్లేనని, దానికున్న జబ్బు సంగతి చెప్పేశాం, వేరే దారి లేక. చిత్రంగా, ఆ మీటింగ్ అయ్యాక పై అంతస్తు ఆవిడ వచ్చి వాళ్ళ అబ్బాయి గదిలోంచి బయటికి రావట్లేదని, కాలేజీ మానేశాడని చెప్పి ఏడ్చింది. ఇన్నాళ్ళూ అతను బెంగళూరులో చదువుతున్నాడని అందరికీ చెప్తోంది. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. నలభై మంది ఉన్న క్లాసులో ఇద్దరో ముగ్గురో. మరి వాళ్ళంతా ఎక్కడున్నారు? బెంగళూరులో చదువుతున్నారన్నమాట.

ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులం ఒక గుంపుగా కలుస్తుంటాం, అది ఆసుపత్రి ఓపీ బయట బెంచీ మీద మొదలైంది. డాక్టరు దగ్గర పది నిమిషాలు, బెంచీ మీద మూడు గంటలు, ఇంక మాట్లాడుకోక ఏం చేస్తాం. తునిలో ఉండే ఆవిడ, పెద్దాపురం నుంచి వచ్చే దంపతులు, ఆటో నడిపే ఒకాయన, అలా కలిశాం. ఇది మేమేదో కనిపెట్టింది కాదు. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ అనే ఆయన రోగుల కుటుంబాలను ఆసుపత్రి ఆవరణలోనే గుడారాలు వేసి ఉంచారు, వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలోనూ అదే దశాబ్దంలో కుటుంబాన్ని రోగితోపాటే ఉంచే పద్ధతి పెట్టారు. పక్క గుడారంలో ఇంకో తల్లి ఉంటుంది కదా, సగం ధైర్యం అక్కడే వచ్చి ఉంటుంది.

ఇప్పుడు నెలకోసారి ఒకరి మేడ మీద కలుస్తాం. రెండే కట్టుబాట్లు: మందుల పేర్లు, డోసులు ఒకరికొకరు చెప్పుకోకూడదు, ఒకరి పిల్లల సంగతి బయట మాట్లాడకూడదు. మిగతాదంతా పనులే. స్కూల్లో మాట్లాడాలంటే ఒంటరిగా పంపం, ఇంకొకరు తోడు వెళతారు, ఎందుకంటే ప్రిన్సిపాల్ ఎదురుగా కూర్చున్న తల్లికి సగం మాటలు గొంతులోనే ఆగిపోతాయి. ఎవరైనా విశాఖ పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే సామర్లకోట స్టేషన్ దాకా ఆటో మా ఆయనదే, అంటే మా గుంపులో ఉన్న ఆటో ఆయనది. ఎవరింట్లోనైనా పెళ్ళో గృహప్రవేశమో ఉంటే ఆ పూట పిల్లల దగ్గర ఇంకొకరు కూర్చుంటారు. ఇదే అన్నిటికంటే పెద్ద సాయం అని నా లెక్క. సొంత చెల్లెలి పెళ్ళి భోజనం కూడా కంగారుగా తిని పరిగెత్తిన తల్లులు మాలో ఉన్నారు.

నాన్నలు మొదట్లో పైకి వచ్చేవారు కాదు. భార్యల్ని దింపి కింద బండ్ల మీద ఫోన్లు చూసుకుంటూ కూర్చునేవారు. బలవంతం చేయలేదు, ఒకసారి నీళ్ళ క్యాన్లు, కుర్చీలు పైకి మోయాలని పిలిచాం. వచ్చారు, మోశారు, ఉండిపోయారు. మాట్లాడటం మాత్రం ఇంకా తక్కువే, ఎక్కువగా ఖర్చుల గురించే. అది కూడా తక్కువ విషయం కాదు. మిగతా జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్తోంది, కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బులిస్తాయి. థెరపీ అంతా ఓపీ ఖర్చే కదా, జేబులోంచే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో మానసిక అనారోగ్యమూ ఉంది, సర్టిఫికెట్ తీసుకోవచ్చు, కానీ ఆడపిల్ల తల్లిదండ్రులు ఆ కాగితం పేరెత్తితేనే భయపడతారు, రేపు పెళ్ళి ఎలా అని. నేను వాళ్ళని తప్పుపట్టను, ఆ భయం గాల్లోంచి పుట్టలేదు.

అర్ధరాత్రి ఏదైనా అయితే ఎవరినో ఒకరిని లేపుతాం, దాంతోపాటు 14416కి చేస్తాం. టెలీమానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టింది, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటుంది. పిల్లల కోసమే కాదు, తట్టుకోలేకపోతున్న తల్లి తన కోసం కూడా చేయొచ్చు. మాలో ఒకావిడ అలాగే చేసింది.

మేం సరిగ్గా చేయలేకపోతున్నది అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ విషయం. మా చిన్నవాడు ఒకరోజు "నాకూ ఏదైనా జబ్బొస్తే నాతో కూడా ఇంతసేపు కూర్చుంటావా" అన్నాడు. వాళ్ళ కోసం క్రికెట్ పెట్టాం, బీచ్‌కి తీసుకెళ్ళాం. అది చాలదని అందరికీ తెలుసు.

ఇక స్కూళ్ళు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన 17 ఏళ్ళ అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలని. ఆ వార్త కటింగ్ పట్టుకుని ముగ్గురం ఒక స్కూలుకి వెళ్ళాం. కౌన్సెలర్ ఉన్నారండీ అని పీఈటీ సార్‌ని పిలిచి చూపించారు. ఆయన మంచాయనే, పాపం ఆయనకీ అప్పుడే తెలిసినట్టుంది. సరే, అడ్మిషన్లు మొదలయ్యాక మళ్ళీ వెళతాం, ఈసారి పదిమందిమి. ఫీజు కట్టేముందు అడిగితే వాళ్ళు వినే తీరే వేరుగా ఉంటుంది.