తప్పు మెట్టు నొక్కే ఆయప్ప

మొన్న ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, స్పీకర్లో పియానో కచేరీ ఒకటి పెట్టుకుని పడుకున్నా. బయట కడప ఎండ. పక్క గదిలోంచి నాయన లేచొచ్చి తలుపు దగ్గర నిలబడి, "ఎవుర్రా అది, పిల్లోడెవడో మెట్ల మీద ఆడుకుంటాన్నట్టుంది" అన్నాడు.

"పిల్లోడు కాదు నాయనా, యాభై ఒక్కేండ్ల మనిషి."

"మరి రెండు మెట్లు ఒకేసారి నొక్కుతాండాడే, తప్పు గదా?"

"కావాలనే నొక్కుతాండాడు."

నాయన నన్ను ఒకసారి చూసి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయనకు ఆ అనుమానం రావాల్సిందే, ఎందుకంటే మా జేజినాయన హార్మోనిస్టు. 1885లో సురభి నాటకం పుట్టిన జిల్లా మాది, ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఊళ్లలో పద్యనాటకం అంటే తెల్లవార్లూ జనం కదిలేవాళ్లు కాదు. ఇంట్లో నేర్చుకునేవాళ్లెవరైనా పక్కపక్క మెట్లు రెండూ కలిపి నొక్కితే, అంటే షడ్జమం, శుద్ధ రిషభం ఒకేసారి మోగితే (అన్నంలో రాయి తగిలినట్టుంటుంది), వేళ్ల మీద చీపురుపుల్ల పడేది. నేనూ తిన్నా. థెలోనియస్ మాంక్ అని, జాజ్ అనే అమెరికా సంగీతం వాయించే ఈ పియానో ఆయన బతుకంతా ఆ రాళ్లనే ఏరి ఏరి, ఎక్కడ తగలాలో చూసి మరీ వేశాడు. 1964లో టైమ్ పత్రిక ఆయన బొమ్మ అట్ట మీద వేసింది. మా ఇంట్లో అయితే చీపురుపుల్లే.

నేను పెట్టింది ఆయన 1968 అక్టోబర్ 27న, అదీ ఒక ఆదివారం మధ్యాహ్నమే, కాలిఫోర్నియాలో పాలో ఆల్టో హైస్కూల్లో వాయించిన కచేరీ. అవును, హైస్కూలే. డానీ షెర్ అని పదహారేళ్ల కుర్రాడికి జాజ్ పిచ్చి, స్కూలు క్లబ్బుకు డబ్బులు కావాలి, సరే అని నేరుగా మాంక్ మేనేజరుకు ఫోన్ కొట్టాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో వాయించడానికి వస్తున్నారు కాబట్టి సాయంత్రం కచేరీ లోపల వచ్చిపోతామన్నారు. ఒప్పుకోవడం అయిపోయింది, టికెట్లు మాత్రం అమ్ముడుపోలేదు. అప్పుడు వీడు పోస్టర్లు పట్టుకుని హైవే అవతలి ఈస్ట్ పాలో ఆల్టోకు పోయాడు. ఇవతల ఎక్కువగా తెల్లవాళ్లు, అవతల ఎక్కువగా నల్లవాళ్లు, మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపి అప్పటికి ఏడు నెలలు కూడా కాలేదు. అటు పోవద్దని పోలీసులే చెప్పారట. అక్కడి జనమేమో, మాంక్ మీ స్కూలుకు రావడమేంది, కంటితో చూస్తేగానీ నమ్మం అన్నారు. అన్నట్టే ఆదివారం స్కూలు బయట పార్కింగులో నిలబడ్డారు, డానీ వాళ్లన్న బ్యాండును వ్యాన్లో ఎక్కించుకొచ్చి దింపాక, మాంక్‌ను చూశాకే టికెట్లు కొన్నారు. అంత అపనమ్మకంలోంచి నిండిన హాలు అది.

నాకు ఈ కథలో అందరికంటే నచ్చిన మనిషి డానీ కాదు, మాంకూ కాదు. స్కూలు శుభ్రం చేసి తాళాలు వేసుకునే పనివాడు ఒకాయన ఉన్నాడు, మన లెక్కలో అటెండరు అనుకోండి. నేను పియానో శ్రుతి చేసి పెడతా, కచేరీ రికార్డు చేసుకోనిస్తావా అని డానీని అడిగాడు. బేరం కుదిరింది. జేజినాయన తన పెట్టెను గోనెసంచిలో చుట్టి బస్సు టాపు మీద వేసుకుని తిరిగేవాడు, తిత్తికి చిల్లు పడినా రీడు మొరాయించినా ఆయనకు తెలుసు దాని రోగం. పియానో ఆయన అట్ల మోసుకుపోలేడు గదా, పోయిన చోట ఏదుంటే దాని ముందే కూర్చోవాలి. స్కూలు పియానో అంటే ఏం పాట్లు పడి ఉంటుందో పిల్లలున్న ఇంట్లో అడగండి. కావాలని వేసే అపస్వరం విలువ చుట్టూ ఉన్నవి సుస్వరాలైతేనే గదా తెలిసేది. అంటే మాంక్ చేతికి ఆ రోజు సరైన మెట్లు ఇచ్చింది ఆ మనిషే, మన చెవిదాకా తెచ్చిందీ ఆయనే. టేపు డానీ ఇంట్లో అటక మీద దశాబ్దాలు పడుంది, 2020లో ఆల్బమ్‌గా వచ్చింది. మొత్తం 47 నిమిషాలు.

మాంక్‌కు ఇట్లాంటి అదృష్టం అంతకు ముందూ ఒకసారి పట్టింది. 1957 నవంబర్‌లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో శాక్సాఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్‌తో కలిసి వాయించిన టేపు 2005లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో బయటపడింది. పెద్దవాళ్లు దాన్నే గొప్పదంటారు, కాదనను. కానీ నేను మళ్లీ మళ్లీ పెట్టుకునేది స్కూలుదే. చార్లీ రౌజ్ శాక్సాఫోన్, లారీ గేల్స్ బేస్, బెన్ రైలీ డ్రమ్స్, నలుగురూ సాయంత్రం పని ముందుంచుకుని కూడా ఏమాత్రం చేయి దాచుకోకుండా వాయించారు.

ఇంక నా నేరం చెప్పుకోవాలి. జేజినాయన వాయించిన నాటకం ఒకటి మైకుసెట్టు ఆయన క్యాసెట్లో పట్టి ఇచ్చాడు. క్యాసెట్టు వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పెంకులు ఉంటాయి, అవి విరగ్గొడితే దాని మీద మళ్లీ రికార్డు కాదు. జేజినాయన విరగ్గొట్టే పెట్టాడు. నేను తొమ్మిదో తరగతిలో, కొత్త క్యాసెట్టుకు డబ్బుల్లేక, ఆ గుంతల్లో కాగితం ముక్క కుక్కి పైన ప్లాస్టర్ అంటించి సినిమా పాటలు ఎక్కించా. రెండు వైపులా. ఆయన నన్ను ఏమీ అనలేదు, చీపురుపుల్ల కూడా తీయలేదు. మొదట్లో బటన్ నొక్కడం ఆలస్యమైన పుణ్యానికి నాలుగు నిమిషాలు మిగిలింది.

ఆ ఆదివారానికి వస్తా. 'బ్లూ మాంక్' మొదలైంది, దాదాపు 14 నిమిషాల పాట. నాయన తొడ మీద ఆదితాళం వేయడం మొదలుపెట్టాడు, ఆవర్తానికి ఎనిమిది దెబ్బలు. ఇట్లాంటి పాట బాణీని బ్లూస్ అంటారు, దాని లెక్క ఒక చుట్టుకు నాలుగేసి దెబ్బల చొప్పున పన్నెండు, అంటే నలభై ఎనిమిది, అది నేను చెప్పలేదు ఆయనకు. మూడు నాలుగు చుట్లు అయ్యాక చేయి ఆపకుండానే, "ఆరు ఆవర్తాలకు ఒకసారి మొదటికొస్తాండాడు" అన్నాడు. కాసేపాగి, "మెట్టు తప్పుతాండాడు గానీ తాళం మాత్రం తప్పల్యా" అన్నాడు. మాంక్ ఇన్ని పుస్తకాలకెక్కాడు గదా, ఇంతకంటే సూటిగా చెప్పిన మాట నేను చదవలేదు.

అది అయిపోయాక ఫోన్లోకి ఎక్కించి పెట్టుకున్న జేజినాయన నాలుగు నిమిషాలు పెట్టాను. పద్యం చివర రాగం, దాని వెనకే పిల్లిలా నడిచే హార్మోనియం, ఎక్కడో దూరంగా ఎవరో "వన్స్ మోర్" అని అరుపు, హార్మోనిస్టు మళ్లీ ఎత్తుకోబోతాడు, అంతలో టపామని నా సినిమా పాట.

ఆ పాట ముక్కను కోసేసి అంతవరకే ఉంచుతా నాయనా అన్నాను.

"ఉండనీలే రా" అన్నాడు, "అదీ పాతదైపాయె."